ట్యూబు పూసినా తగ్గని దురద

గజ్జల్లో జిలకు కారణం ఒక్కటి కాదు, చూపించుకుంటేనే తెలిసేది

నాట్ల రోజుల్లో గోదావరి డెల్టా పల్లెల్లో ఏ మందుల షాపు దగ్గరైనా సాయంత్రం కాసేపు నిలబడితే ఈ దృశ్యం కనబడుతుంది. జనం పలచబడేదాకా ఒక మనిషి పక్కకు తప్పుకుని వుంటాడు. షాపు ఖాళీ అయ్యాక దగ్గరికి వచ్చి, "ఆ దురదకి రాసే ట్యూబు ఒకటి ఇవ్వు బాబూ" అంటాడు గొంతు తగ్గించి. దురద ఎక్కడ అని షాపులోని కుర్రవాడు అడగడు. ఈయన చెప్పడు. బేరం నిమిషంలో ముగిసిపోతుంది. అలాంటి ట్యూబులు ఏడాదిలో ఎన్ని ఖాళీ అవుతాయో లెక్క వుండదు. దురద మాత్రం ఎక్కడికీ పోదు.

మగవారికి మర్మావయవాల మీద, గజ్జల్లో, వృషణాల తిత్తి మీద వచ్చే దురద, మంట, ఎర్రదనం, పొక్కులు అరుదైన జబ్బులేమీ కావు. ఉక్కపోత ఎక్కువగా వుండే కోస్తా జిల్లాల్లో మరీ మామూలు. బురదలో పనిచేసే కూలీలకు, రొయ్యల చెరువుల మీద పగలూ రాత్రీ తడిలో తిరిగేవారికి, గంటల కొద్దీ కదలకుండా కూర్చునే లారీ డ్రైవర్లకు ఈ బాధ బాగా తెలుసు. ఇదే దురద మోచేతి మీద వస్తే మర్నాడే డాక్టరు దగ్గరికి పోయే మనిషి, అక్కడ వచ్చింది గనుక నెలల తరబడి దాచుకుంటాడు. భార్యకు చెప్పడు. చెబితే ఏమనుకుంటుందోనని భయం. డాక్టరుకు చూపించడు. చూపిస్తే ఏ రోగం పేరు చెబుతాడోనని అంతకంటే పెద్ద భయం.

ఈ భయంలో ఆస్పత్రి బోర్డుకూ కొంత వాటా వుంది. పెద్దాస్పత్రుల్లో చర్మవ్యాధులకు, సుఖవ్యాధులకు, కుష్ఠుకు కలిపి ఒకటే విభాగం. వైద్య విద్యలో ఈ మూడూ ఒకే శాఖగా నడుస్తున్నాయి గనుక అలా వుంది. ఆ బోర్డు కింద వరుసలో నిలబడితే ఊరివాళ్లెవరైనా చూస్తారేమోనని, తీసుకున్న ఓ.పి. చీటీ జేబులో పెట్టుకుని తిరుగు బస్సెక్కేసే వారు కద్దు. ఆ వరుసలో తామరకు, గజ్జికి, మొటిమలకు, జుట్టు రాలుతున్నందుకు వచ్చినవారే చాలామంది వుంటారన్న సంగతి వారికి తట్టదు.

ట్యూబు ఏం చేస్తుంది?

మొదట ఈ ట్యూబు సంగతి తేల్చుకోవాలి. షాపులో అడగ్గానే ఇచ్చే దురద ట్యూబుల్లో చాలా వాటిలో ఒక్క మందు వుండదు. మూడు నాలుగు మందులు కలిపి వుంటాయి. ఒకటి బూజు జాతి క్రిములను చంపేది, ఒకటి చీము పట్టకుండా చూసేది, మూడోది స్టెరాయిడు. రాసిన రెండు మూడు రోజులకే హాయిగా అనిపించేది ఈ మూడోదాని మహిమే. దురదను, ఎర్రదనాన్ని అది ఇట్టే అణచేస్తుంది. జబ్బును కాదు.

గజ్జల్లో వచ్చింది తామర అయితే ఏమవుతుందో చూడండి. తామర అనేది చర్మం పైపొర మీద బతికే ఒక రకం బూజు. మామూలుగా గుండ్రంగా, అంచు కాస్త పైకి లేచి, పొట్టు రాలుతూ, మధ్యలో చర్మం కాస్త తేటపడి వుంటుంది. చూడగానే గుర్తుపట్టవచ్చు. స్టెరాయిడు పడేసరికి అంచు మాయమవుతుంది, ఎరుపు తగ్గుతుంది. రోగి నయమైందనుకుని పూత మానేస్తాడు. ఆ వారం రోజుల్లో బూజుకు అడ్డు చెప్పేవారు లేరు గనుక అది లోలోపల తొడల మీదికి, పిరుదుల మీదికి, నడుము చుట్టూ పాకుతుంది. పూత ఆపగానే మునుపటికంటే ఎక్కువగా రేగుతుంది. మళ్లీ ట్యూబు, మళ్లీ ఉపశమనం, మళ్లీ రేగడం. మూడు నాలుగు నెలలు ఇలా జరిగిన తర్వాత చూస్తే అది తామరలాగే కనిపించదు. వేషం మార్చుకున్న తామర అన్నమాట. పెద్ద డాక్టర్లు కూడా చూసిన వెంటనే చెప్పలేని స్థితికి దాన్ని మనమే తెచ్చుకుంటున్నాం.

పైగా ఆ చోటు చర్మం వేరు. ముంజేతి చర్మం లోపలికి పీల్చుకునే స్టెరాయిడుతో పోలిస్తే వృషణాల తిత్తి చర్మం సుమారు 40 రెట్లు ఎక్కువ పీల్చుకుంటుందని 1967లో అమెరికాలో జరిగిన పరిశోధనలో తేలింది. చేతికి సరిపోయే మందు అక్కడ మోతాదుకు మించిన మందు అవుతుందని దీనివల్ల అర్థమవుతోంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఉల్లిపొరలా అవుతుంది. గజ్జల్లో చీలినట్టుగా చారలు పడతాయి. ఈ చారలు తర్వాత ఏ మందుకూ పూర్తిగా పోవు. కొందరికి తిత్తి ఎర్రగా మారి, ముట్టుకుంటే మండుతుంది. ఆ మంట తగ్గడానికి మళ్లీ అదే ట్యూబు రాస్తారు. మంట తెచ్చింది అదేనని వారికి చెప్పేవారుండరు.

కేంద్ర ప్రభుత్వం 2018లో 14 రకాల స్టెరాయిడు పూత మందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. డాక్టరు చీటీ లేనిదే వీటిని అమ్మరాదని దాని అర్థం. ఆ నిబంధన పల్లెటూరి షాపు మెట్లు ఎంతవరకు ఎక్కిందో చదువరులకు మేము వేరే చెప్పనక్కరలేదు.

తామర కూడా పాత తామర కాదు. ఒకప్పుడు రెండు వారాలు మందు వాడితే పోయేది. ఇప్పుడు మన దేశంలో వ్యాపించిన ఒక రకం, చాలాకాలంగా బాగా పనిచేస్తూ వచ్చిన టెర్బినఫిన్ అనే మందుకు చాలామందిలో లొంగడం లేదు. 2020లో జపాను పరిశోధకులు దానికి ట్రైకోఫైటన్ ఇండోటీనియే అని పేరు పెట్టారు. పేరులోనే మన దేశం వుంది. అంతకుమించి గొప్పగా చెప్పుకోవలసిందేమీ లేదు. దీనికి వేరే మందులు, ఎక్కువ వారాల పాటు అవసరమవుతాయి. అవి ఎంత, ఎన్నాళ్లు అనేది డాక్టరు నిర్ణయించాలి. పక్కింటివారి చీటీ చూసి కొనుక్కునేవి కావు.

పరీక్ష ఎలా చేస్తారు?

తామర అవునో కాదో తేల్చడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. మచ్చ అంచున మొద్దు బ్లేడుతో పైపొట్టు కాస్త గీకుతారు. నొప్పి వుండదు, రక్తం రాదు. ఆ పొట్టును గాజు పలక మీద పెట్టి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం చుక్క వేస్తారు. చర్మపు కణాలు కరిగిపోయి బూజు దారాలు మిగులుతాయి. సూక్ష్మదర్శినిలో పెడితే అవి కనబడతాయి. కొద్దిసేపటి పని. కాని ముందు రోజు దాకా ట్యూబు రాసుకుని వెళితే వున్న బూజు కూడా కనబడకపోవచ్చు. అందుకే కొందరు డాక్టర్లు పూతలు కొన్నాళ్లు ఆపి మళ్లీ రమ్మంటారు. దీన్ని చూసి "ఈయనకేమీ తెలియదు, మందే రాయలేదు" అని వేరే డాక్టరు దగ్గరికి పోయేవారున్నారు. మందు రాయకుండా పంపిన ఆ డాక్టరే సరైన దారిలో వున్నారని గ్రహించాలి.

ఇంటిల్లిపాదికీ వచ్చేది

రాత్రి పడుకోగానే దురద మొదలై నిద్ర పట్టనివ్వకపోతే, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ కూడా దురద వుంటే, ఇంట్లో పిల్లలు కూడా గోక్కుంటూ వుంటే అది గజ్జి అని అనుమానించాలి. కంటికి సరిగా ఆనని చిన్న పురుగు చర్మంలో సొరంగం తవ్వుకుని గుడ్లు పెడుతుంది. మగవారిలో మర్మాంగం మీద, తిత్తి మీద గట్టి గుళికల్లాంటి పొక్కులు రావడం గజ్జికి మంచి గుర్తు. చాలామంది వీటిని చూసే సుఖరోగం అనుకుని బెంబేలెత్తిపోతారు.

గజ్జి మందు విషయంలో జరిగే పొరపాటు ఒకటే. దురద వున్నచోట మాత్రమే రాస్తారు. దురద వున్న మనిషి మాత్రమే రాసుకుంటాడు. 5 శాతం పెర్మెత్రిన్ పూత అయితే మెడ దగ్గర నుంచి అరికాలి దాకా, గోళ్ల కిందా, బొడ్డులోనూ, మర్మావయవాల మీదా వదలకుండా రాసి రాత్రంతా వుంచాలి. ఇంట్లో వున్నవారందరూ అదే రాత్రి రాసుకోవాలి. వారం తర్వాత మరోసారి. పసిపిల్లలకు, గర్భిణులకు ఎలా వాడాలో ముందే డాక్టరునడగాలి. మొదటిసారి గజ్జి అంటుకున్నవారికి నాలుగు నుంచి ఆరు వారాల దాకా దురదే వుండకపోవచ్చు. "నాకేమీ లేదు, నాకెందుకు మందు?" అని ఇంటావిడ అనడంలో ఆశ్చర్యం లేదు. కాని ఆవిడ రాసుకోకపోతే నెల తిరిగేసరికి మళ్లీ మొదటికి వస్తుంది. దుప్పట్లు, లుంగీలు, తువ్వాళ్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఉతకడానికి వీలు కానివి సంచిలో మూటగట్టి వారం రోజులు పక్కన పడేస్తే చాలు. మనిషి ఒంటి మీద కాకుండా ఆ పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు.

ఇంకొక మాట. పురుగు చచ్చినా తిత్తి మీది గుళికలు వారాలు, కొందరికి నెలలు వుండిపోతాయి. అవి జబ్బు మిగిలిందనడానికి గుర్తు కాదు. కనబడినప్పుడల్లా గజ్జి మందు పూస్తూపోతే చర్మం పాడవుతుంది.

షుగరు బయటపడేది ఇక్కడే

మర్మాంగం చివర ఎర్రబడి, ముందరి చర్మం వెనక్కి రాక, దాని అంచున సన్నని పగుళ్లు పడి, పెరుగు విరిగినట్టు తెల్లని పూత కనబడితే అది కాండిడా అనే మరో జాతి బూజు కావచ్చు. ఆ లక్షణంతో వచ్చినవారికి డాక్టరు మొదట రాసేది ట్యూబు కాదు, రక్తంలో చక్కెర పరీక్ష. తనకు షుగరు వున్నట్టు తెలియని మనిషికి అది ముందుగా ఇలా బయటపడడం తరచు జరిగేదే. పరగడుపున చేసిన పరీక్షలో 126 మిల్లీగ్రాములు గాని, అంతకు మించి గాని వుంటే షుగరు వున్నట్టు అనుమానించి, మరోసారి పరీక్షించి ఖాయం చేస్తారు. షుగరు అదుపులోకి రానంత కాలం పూత మందు ఎన్నిసార్లు రాసినా ఆ బూజు తిరిగి వస్తూనే వుంటుంది.

షుగరుకు మందు వాడుతున్నవారు ఒక విషయం గమనించాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు ఒంట్లోని చక్కెరను మూత్రం ద్వారా బయటకు పంపుతాయి. గుండెకు, మూత్రపిండాలకు మేలుచేసే మంచి మందులే. కాని తీపి మూత్రం తగిలే చోట బూజు పెరగడానికి అవకాశం ఎక్కువ. మాత్ర మొదలుపెట్టిన తర్వాత దురద వచ్చి వుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. మాత్ర మాత్రం సొంతంగా మానరాదు. మూత్రానికి వెళ్లిన తర్వాత నీళ్లతో కడుక్కుని తడి ఆరేలా తుడుచుకోవడం వీరికి ఎంతో అవసరం.

షుగరు వున్న మనిషికి తిత్తి దగ్గర ఉన్నట్టుండి వాపు, భరించలేని నొప్పి, జ్వరం వచ్చి, చర్మం నల్లబడుతూ వుంటే మర్నాటి దాకా ఆగరాదు. గంటల్లో ముదిరే ప్రాణాపాయం అది. ఆ రాత్రే పెద్దాస్పత్రికి చేర్చాలి.

జ్వరం బిళ్ల తెచ్చే మచ్చ

ఇప్పుడు చెప్పబోయేది చాలామంది వినని జబ్బు. వినకపోవడం వల్ల సంసారాల్లో చిచ్చు పెట్టే జబ్బు.

విరేచనాలకో, ఒళ్లు నొప్పులకో, జ్వరానికో ఒక మనిషి ఏదో మాత్ర వేసుకుంటాడు. కొన్ని గంటలకు మర్మాంగం మీద ఒకచోట మంట, ఎర్రని మచ్చ, దాని మీద నీటి పొక్కు, అది పగిలి పుండు. పది రోజుల్లో మానుతుంది గాని నల్లని మచ్చ వుండిపోతుంది. నాలుగు నెలల తర్వాత మళ్లీ విరేచనాలు, మళ్లీ అదే మాత్ర, మళ్లీ సరిగ్గా అదే చోట పుండు. రోగికి మాత్రకూ పుండుకూ ముడి తట్టదు. చూసిన ఆర్.ఎం.పి. సుఖరోగమంటాడు. ఇంట్లో అనుమానం పుడుతుంది. "ఎక్కడికెళ్లావో చెప్పు" అని భార్య, "ఎక్కడికీ వెళ్లలేదు మొర్రో" అని భర్త. పెద్దమనుషుల దాకా పోయే తగాదా ఒక బిళ్ల వల్ల వచ్చిందని ఎవరికి తెలుస్తుంది?

వైద్యులు దీన్ని ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటారు. మందు పడక, ప్రతిసారీ అదే చోట లేచే మచ్చ. పెదవుల మీద, చేతుల మీద కూడా వస్తుంది గాని మగవారిలో మర్మాంగం చివర రావడం బాగా కద్దు. కోట్రైమాక్సజోల్, డాక్సీసైక్లిన్ వంటి సూక్ష్మజీవి నాశకాలు, విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్, టినిడజోల్ జాతి మందులు, ఇబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు దీనికి పేరుపడ్డవి. చిత్రమేమంటే బూజుకు ఇచ్చే ఫ్లూకొనజోల్ వల్ల కూడా కొందరికి వస్తుంది. దురదకని ఇచ్చిన మందే పుండు తెచ్చిందన్నమాట. దీనికి చికిత్సలో మొదటిది, ఆ మందు ఏదో పట్టుకుని జన్మలో మళ్లీ వాడకపోవడం. పట్టుకోవాలంటే వేసుకున్న మాత్ర అట్ట దాచుకోవాలి. పొట్లంలో కట్టి ఇచ్చిన రంగు బిళ్లలు మింగేవారికి ఈ ఆధారం కూడా వుండదు. మందు పేరు తెలిసిన తర్వాత దాన్ని ఒక కాగితం మీద రాయించుకుని, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఆ కాగితం చూపించాలి.

సుఖరోగాలు కూడా వున్నాయి

ఇంతవరకు చెప్పినవేవీ సుఖరోగాలు కావు. గజ్జి మాత్రం ఒంటికి ఒళ్లు తగిలితే అంటుకుంటుంది గనుక పక్క పంచుకున్నవారికీ రావచ్చు. సుఖరోగాలు అసలు లేవని కాదు. నొప్పి, దురద లేని గట్టి పుండు సవాయి కావచ్చు. నొప్పి లేదు గదా అని వదిలేస్తే పుండు దానంతటదే మానిపోతుంది, రోగం మాత్రం రక్తంలో వుండిపోతుంది. రక్తపరీక్షతో తెలుస్తుంది, పెన్సిలిన్ సూదితో నయమవుతుంది. గుత్తిగా చిన్న నీటిపొక్కులు మంటతో వచ్చి మాని, మళ్లీ మళ్లీ వస్తుంటే హెర్పిస్ కావచ్చు. గజ్జల్లో బిళ్ల కట్టినా, మూత్రనాళం నుంచి చీము కారినా చూపించుకోవలసిందే. ఇలాంటప్పుడు భార్యాభర్తలిద్దరికీ పరీక్ష, ఇద్దరికీ వైద్యం. ఒకరికే చేస్తే ఫలితం లేదు.

బస్టాండు గోడల మీద, రైలు పెట్టెల్లో గుప్తరోగాలకు గ్యారంటీ వైద్యమని అంటించే కాగితాలను నమ్మి వేలు పోగొట్టుకున్నవారు ప్రతి మండలంలోనూ వున్నారు. సుఖరోగాలను నయం చేస్తామని జనానికి ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి కేంద్ర చట్టమే నిషేధించింది. అంటే ఆ కాగితం అంటించడమే నేరం. దాని వెనక వున్న వైద్యం ఏపాటిదో వూహించుకోవచ్చు.

రోగమే లేనివారు కొందరున్నారు. మర్మాంగం అంచు చుట్టూ వరుసగా ముత్యాల్లా చిన్న బొడిపెలు, తిత్తి మీద తెల్లని చిన్న గింజల్లాంటివి చాలామంది మగవారికి పుట్టుకతోనో, యవ్వనంతోనో వచ్చేవే. వాటికి మందు అక్కరలేదు. పెళ్లి కుదిరిన కుర్రవాళ్లు వీటిని చూసి ఏ ఘాటు మందో పూసి కాల్చుకోవడం విచారకరం.

కాల్చుకోవడమంటే గుర్తొచ్చింది. నిమ్మరసం, కిరసనాయిలు, వెల్లుల్లి ముద్ద, నీళ్లు కలపని డెటాలు, ఉప్పునీళ్లు, ఇవన్నీ ఆ చోట ప్రయోగించేవారు మన పల్లెల్లో తక్కువేమీ లేరు. మంట పుడితే క్రిమి చచ్చిందని తృప్తి. చచ్చేది చర్మం. కొన్నాళ్లకు అసలు జబ్బు పోయినా, పూసిన దానివల్ల వచ్చిన దురద మిగులుతుంది. రోజూ ఘాటు సబ్బుతో రుద్ది కడిగినా ఇదే జరుగుతుంది. ఇక గోకడం వల్లనే తిత్తి చర్మం మందంగా, గీతలు పడి, ఏనుగు తోలులా మారి, మందంగా మారినందువల్లనే మళ్లీ దురద పుట్టే స్థితి ఒకటుంది. అక్కడ బూజూ లేదు, పురుగూ లేదు.

అదే ట్యూబు కొందరికి మందు

ఇంతకుముందు స్టెరాయిడును తిట్టాం గదా. ఇప్పుడు దాని రెండో ముఖం చూడాలి. మర్మాంగం చివర, ముందరి చర్మం మీద తెల్లగా, పలచని కాగితంలా ముడతలు పడే మచ్చలు వచ్చి, చర్మం బిగుసుకుపోయి, మూత్రధార సన్నబడే జబ్బు ఒకటుంది. లైకెన్ స్క్లిరోసస్ అని దాని పేరు. దీన్ని బొల్లి అనుకునేవారు ఎక్కువ. బొల్లిలో రంగు పోతుంది గాని చర్మం బిగుసుకోదు, దురద వుండదు. ఈ లైకెన్ జబ్బుకు సరైన చికిత్స గట్టి స్టెరాయిడు పూతే. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని వారాలు, చెప్పిన చోట మాత్రమే. మరీ బిగుసుకుపోతే సున్తీ శస్త్రచికిత్స చేస్తారు. మోచేతుల మీద, తల మీద పొట్టు రాలే సోరియాసిస్ వున్నవారికి మర్మాంగం మీద పొట్టు లేకుండా నున్నని ఎర్ర మచ్చలు రావచ్చు. దానికీ స్టెరాయిడు వాడతారు, తక్కువ ఘాటుది.

తామర మీద రాస్తే నిప్పుకు గాలి విసిరినట్టయ్యే మందు, లైకెన్ మీద రాస్తే మనిషిని కాపాడుతుంది. రెండింటికీ బయటకు కనిపించే బాధ ఒకటే, దురద. షాపులో గొంతు తగ్గించి అడిగిన మనిషికి వీటిలో ఏది వుందో చూడకుండా ఎవరు చెప్పగలరు?

ముందరి చర్మం కింద మానని పుండు, కాయలా పెరుగుతున్న గడ్డ, దుర్వాసనతో రసి, గోకకుండానే రక్తం, వీటిలో ఏది వున్నా, ఎన్ని ట్యూబులు మార్చినా నెల రోజుల్లో తగ్గకపోయినా చిన్న ముక్క తీసి పరీక్షకు పంపవలసి వుంటుంది. తిమ్మిరి సూది వేసి తీస్తారు. క్యాన్సరు వుంటే అందులో తెలుస్తుంది. ముందరి చర్మం వెనక్కి రానివారిలో, పొగ తాగేవారిలో ఈ క్యాన్సరు ఎక్కువ. తొలిదశలో పట్టుకుంటే అవయవాన్ని నిలిపే వైద్యం సాధ్యం. సిగ్గుతో ఏడాది దాచుకుని వస్తే కోసి తీసేయడం తప్ప డాక్టరు చేతిలో వేరే దారి వుండకపోవచ్చు. ముక్క పరీక్ష చేస్తే క్యాన్సరు రేగుతుందని మనవాళ్లలో ఒక భయం వుంది. అది నిజం కాదు.

డాక్టరు ముందు

ఆస్పత్రికి వెళ్లేరోజు ఉదయం ఏమీ రాసుకోకుండా వెళ్లాలి. ఇంట్లో వున్న ట్యూబులు, ఖాళీవి కూడా, అన్నీ సంచిలో వేసుకుని తీసుకువెళ్లాలి. వేసుకుంటున్న మాత్రలు, షుగరువైనా బి.పి.వైనా నాటు మందులైనా సరే, చూపించాలి. ఎన్నాళ్ల నుంచి, రాత్రి ఎక్కువా పగలు ఎక్కువా, ఇంట్లో ఇంకెవరికైనా వుందా, ఒంటి మీద ఇంకెక్కడైనా మచ్చలున్నాయా, పరాయి సంబంధం వుందా అని డాక్టరు అడుగుతారు. చివరి ప్రశ్న అందరినీ అడిగేదే. అడిగినంత మాత్రాన అనుమానించినట్టు కాదు. అబద్ధం చెబితే చికిత్స దారి తప్పుతుంది. కూడా వచ్చిన తమ్ముడినో కొడుకునో కాసేపు బయట వుండమని అడిగే హక్కు రోగికి వుంది.

"చెబితే చాలదాండీ, చూడాలా?" అని చాలామంది అడుగుతారు. చూడాలి. లుంగీ మీదనుంచే విని మందు రాసే డాక్టరు కంటే, తెర వెనక మంచం మీద పడుకోబెట్టి, దీపం వెలుగులో గజ్జలు, తిత్తి, నోరు, గోళ్లు, వేళ్ల సందులు అన్నీ చూసే డాక్టరు మేలు. సెల్‌ఫోనులో ఫొటో తీసి వాట్సాప్‌లో ఎవరికో పంపి మందు తెప్పించుకోవడం ఇప్పుడు కొత్తగా వచ్చిన అలవాటు. గీకి చూడవలసిన జబ్బు ఫొటోలో తేలదు.

వైద్యం సాగుతుండగా పాటించవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. పొలం నుంచి రాగానే తడి లుంగీ విప్పి, స్నానం చేసి, గజ్జలు తడి లేకుండా తుడుచుకుని పొడిబట్ట కట్టాలి. బిగుతు జీన్సు, నైలాను లోదుస్తులు మాని నూలువి వేసుకోవాలి. తువ్వాలు ఎవరిది వారికే. మొలతాడు విషయం మనవాళ్లు ఆలోచించరు. రోజంతా తడిసి నడుముకు అంటుకుని వుండే పాత తాడు కింద తామర తగ్గదు. ఆనవాయితీ తప్పదనుకునేవారు కనీసం పాతది తీసేసి పొడిది కట్టుకోవాలి. కాళ్ల వేళ్ల సందుల్లో పాచి వుంటే దానికీ మందు వేయాలి. లోదుస్తు తొడిగేటప్పుడు పాదం నుంచే బూజు గజ్జల్లోకి ఎక్కుతుంది. మచ్చ కనబడకుండా పోయినా డాక్టరు చెప్పిన గడువు దాకా మందు ఆపరాదు.

కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో చర్మ, సుఖవ్యాధుల విభాగం వుంది. మిగతా జిల్లాల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆస్పత్రుల్లో ఈ విభాగం వుంటుంది. దూరాభారమనుకునేవారు ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి చూపించి, అవసరమైతే చీటీ రాయించుకుని వెళ్లవచ్చు. సుఖవ్యాధుల అనుమానం వున్నవారికి సురక్షా క్లినిక్ పేరుతో ప్రభుత్వం నడిపే కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితం. హెచ్.ఐ.వి. పరీక్ష ఫలితాన్ని రోగి అనుమతి లేకుండా ఇతరులకు చెప్పరాదని 2017లో చేసిన చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమలులో వుంది. ఎక్కడికి వెళ్లాలో తెలియనివారు 1097 నెంబరుకు డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేసి, పేరు చెప్పకుండానే అడగవచ్చు.